జట్కా గుర్రానికి స్తోత్రం

మొన్న మా మనవరాలి ఫ్లాటులో గృహ ప్రార్థన కూటం జరిగింది. కొత్త పాస్టరుగారు కుర్రవాడు, గిటారు కూడా తెచ్చుకున్నాడు. పాటలయ్యాక అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఈ వారం దేవునికి దేని నిమిత్తం కృతజ్ఞతలు చెల్లిస్తారో ఒక్కొక్కరే చెప్పమన్నాడు. ఒకాయన ప్రమోషనుకు చెల్లించాడు. ఒకామె పిల్లవాడి ర్యాంకుకు. ఇంకొకామె ఆరోగ్యానికి, ఆమె పక్కనామె కూడా ఆరోగ్యానికే. ప్రతి ఒక్కరి వెనకా అందరూ కలిసి 'ఆమెన్' అంటున్నారు, కండక్టరు టిక్కెట్లు కొట్టినంత చురుగ్గా.

అంతమందిలో ఒక్కరి స్తోత్రమూ పక్కవాళ్ళకు తగల్లేదు. అంత మెత్తటి కృతజ్ఞతలు నేను పెరిగిన ఇంట్లో చెల్లేవి కావు. మా ఇంట్లో స్తోత్రం అంటే రాయి. గురి చూసి విసిరేవాళ్ళు.

నా వంతు రావడానికి ఇంకా సమయముంది. ఆ లోపల నేను పుంగనూరు పోయి వచ్చాను.

పుంగనూరులో మాది క్రైస్తవుల వీధిలో చివరి ఇల్లు. గోడకు అవతల జట్కా సాయిబు ఇల్లు. గోడ ఇద్దరిదీ, వాసన మాత్రం అతని గుర్రానిది. నానబెట్టిన ఉలవలు, తడిసిన గడ్డి, లద్దె. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కాబట్టి కిరసనాయిలు దొరికేది కాదు. మా ఇంట్లో ఆముదం దీపం పొగ, పొయ్యి మీద రాగి సంగటి ఉడికే వాసన, వాటి మీదుగా గుర్రం. ఇప్పటికీ పరలోకం వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. అడిగినవాళ్ళు సాధారణంగా మాట మార్చేస్తారు.

ఇంట్లో ముగ్గురం. నాయనను కన్న అవ్వ, అమ్మ, నేను. అవ్వ బైబిలమ్మ. తెల్లచీర కట్టి, చంకలో సంచి, చేతిలో గొడుగుతో పల్లెలు తిరిగి వాక్యం చెప్పేది. ఎవరికి జ్వరం వచ్చినా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. తగ్గితే అది దేవుని మహిమ. తగ్గకపోతే వాళ్ళ విశ్వాసం చాలలేదు. ఎటు చూసినా ఆమెకు నష్టం లేని ఏర్పాటు.

రోజూ పొద్దువాలగానే మా ఇంట్లో స్తోత్రాలు జరిగేవి. కట్టుబాట్లు అవ్వవే. పళ్ళేలు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకోవాలి. ఆ రోజు జరిగిన ఏదో ఒక మేలుకు దేవునికి స్తోత్రం చెప్పాలి. మనిషికి పూటకు ఒకటే. పెద్దవాళ్ళు మొదట, తర్వాత అమ్మ, చివర నేను. ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు నోరు తెరవకూడదు, ఎందుకంటే అది ప్రార్థన. ముగ్గురిదీ అయితే గానీ సంగటి మీద మూత తీయకూడదు.

ఈ కట్టుబాట్లలో ఒక సౌకర్యం ఉంది. ప్రార్థనలో అన్న మాటకు ఎదురు చెప్పే వీలు లేదు. అవ్వ, అమ్మ పగలంతా ఒకరితో ఒకరు ముక్తసరిగా ఉండేవాళ్ళు. మాట్లాడవలసినదంతా సాయంత్రం దేవునితో మాట్లాడేవాళ్ళు.

"కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ దినమున నీవు మా గృహమునకు దయచేసిన ఆహారమును బట్టి నీకు వందనములు. మధ్యాన్నం ఉలవచారులో ఉప్పు లేకపోయినా మింగే ఓపిక నాకిస్తివి సామీ, దానికి స్తోత్రం. ఆమెన్" అనేది అవ్వ. బాణం ఎక్కుపెట్టేటప్పుడు బైబిలు తెలుగు, వదిలేటప్పుడు పుంగనూరు.

అమ్మ కొంచెం ఆగేది. అమ్మ నోరు చిన్నది, గురి పెద్దది.

"ప్రభువా, ఇంత వయసులో కూడా మా అత్త నాలికకు ఏ రోగం రాకుండా కాపాడినావు. స్తోత్రం. ఆమెన్."

అవ్వ కళ్ళు మూసుకునే ముక్కు ఎగబీల్చేది. జవాబు చెప్పాలంటే మరుసటి సాయంత్రం దాకా ఆగాలి. మొదటి వంతు పెద్దరికం, చివరి మాట అమ్మది. తన కట్టుబాటు వల్ల తనకే వచ్చిన ఈ నష్టాన్ని అవ్వ ఎన్నడూ సవరించుకోలేదు. దేవుని ఎదుట పెట్టిన కట్టు కదా.

ఇంకొక సంగతి. మా ఇంట్లో ఒకరి స్తోత్రానికి ఇంకొకరు 'ఆమెన్' అనేవాళ్ళు కాదు. అంటే ఒప్పుకున్నట్టు. ఎవరి ఆమెన్ వాళ్ళే తెచ్చుకోవాలి.

గోడ అవతల సాయిబు గుర్రానికి మాలీసు చేస్తూ ఇదంతా వినేవాడు. పొద్దున్నే నేను కనబడితే, "పాపా, నిన్న ఎవురు గెలిసినారు? అమ్మీనా, పెద్దమ్మీనా?" అని అడిగేవాడు. అమ్మ అంటే మీసం దువ్వేవాడు. అవ్వ అంటే, "పర్వా నై, ఈ పొద్దు సూస్తాం" అనేవాడు.

అతను ఎప్పుడూ అమ్మ పక్షం ఎందుకో చెప్పాలి.

అంతకు ముందు ఏడాది నాయనకు జ్వరం వచ్చింది. నాయన బడిలో అయ్యవారు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడింది. అమ్మ గోడ మీదుగా కేకేస్తే సాయిబు జట్కా కట్టి గుమ్మంలో నిలబెట్టాడు. మదనపల్లెలో మిషను ఆసుపత్రి ఉంది, గుర్రం మంచి వయసులో ఉంది. కానీ వీధి వీధంతా వచ్చి చూస్తూ ఉంది. అందులో సగం అవ్వ చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన తలలే. కన్నకొడుకును ప్రార్థన కంటే ముందు బండెక్కిస్తే ఆ తలలు ఏమనుకుంటాయి?

"ముందు ప్రార్థన. పొద్దువాలేలోగా దిగకపోతే అప్పుడు సూస్తాం" అంది అవ్వ.

సాయిబు కళ్ళెం పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు. పొద్దువాలింది. జ్వరం దిగలేదు. అప్పుడు బండి కదిలింది. గుర్రం నురగలు కక్కుతూ పరుగెత్తిందట. మదనపల్లె ఇంకా కనబడక ముందే నాయన పోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ మధ్యాహ్నం గురించి ఎవరూ ఎత్తలేదు. ఉప్పు గురించి కొట్టుకున్నారు. చింతపండు గురించి, వాకిలి ఊడ్చడం గురించి కొట్టుకున్నారు. ఇవే అసలు సంగతులని నేనూ నమ్మాను.

ఆ ఏడు అనపకాయల కాలం బాగా వచ్చింది. మా వైపు చలికాలమంతా ఆ వాసనే, చేతులకూ బట్టలకూ జిడ్డుగా పట్టుకుని ఒక పట్టాన వదలదు. నానిన గింజలను వేళ్ళ మధ్య పితికితే పప్పు చంగున ఎగిరి అవతల పడుతుంది. అవ్వ, అమ్మ ఎదురెదురుగా కూర్చుని మాటాపలుకూ లేకుండా పితికేవాళ్ళు. అమ్మ పితికిన గింజలు తరచుగా అవ్వ వైపే ఎగిరేవి. నేను కూడా నా వంతు రెండు వైపులా పేల్చి, ఎవరు చూసినా ఎదుటివాళ్ళ వైపు కళ్ళు తిప్పేదాన్ని.

అలాంటి ఒక పితికిపప్పు రోజున పాస్టరయ్య మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పెద్దాయన, మంచివాడు, చెవులు కొంచెం దూరం. పళ్ళేలు పెట్టగానే మా కట్టుబాటు ప్రకారం స్తోత్రాలు మొదలయ్యాయి. ఎవరున్నా ఆగేవి కావు.

"తండ్రీ, దైవసేవకుని పాదములు మా గృహములో మోపించితివి. ఆయన వస్తాడనైనా ఈ పొద్దు ఇల్లు ఊడవబడె, స్తోత్రం. ఆమెన్" అంది అవ్వ.

"ప్రభువా, కూర్చున్న చోటి నుంచే ఇల్లంతా ఊడ్చే పెద్దలను మాకిచ్చినావు. స్తోత్రం. ఆమెన్" అంది అమ్మ.

నా వంతు. "దేవా, మధ్యాన్నం నుంచి అవ్వా అమ్మా ఒక మాట కూడా మాట్లాడుకోలేదు. స్తోత్రం."

పాస్టరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. దాన్ని ఆయన మౌన ప్రార్థన అనుకున్నాడు. మరుసటి ఆదివారం ప్రసంగంలో మా ఇంటిని మాదిరిగా చూపించి, ప్రతి కుటుంబమూ సాయంత్రం ఇలాగే చేయాలని చెప్పాడు. మా వీధి విధేయత గల వీధి. వారం తిరక్కుండానే అన్ని ఇళ్ళలోనూ స్తోత్రాలు మొదలయ్యాయి, అదీ గోడలు దాటే గొంతులతో. ఒకామె పక్కింటి కోళ్ళు తన వడియాలలో కొన్నయినా మిగిల్చినందుకు దేవుని స్తుతించింది. కోళ్ళావిడ మరునాడు, లోకంలో వడియాలు లెక్కపెట్టుకునే పనిలేని వాళ్ళను కూడా పోషిస్తున్నందుకు స్తుతించింది. ఆ నెలలో మా వీధిలో దేవునికి చేరినన్ని వందనాలు అంతకు ముందు ఎన్నడూ చేరి ఉండవు. చివరికి పాస్టరయ్య, కృతజ్ఞత అనేది హృదయంలో చెప్పుకుంటేనే ఎక్కువ శ్రేష్ఠమని ఇంకొక ప్రసంగం చేయవలసి వచ్చింది. అందరూ మానుకున్నారు. మా ఇల్లు మానలేదు. మాదిరి కదా.

చలి తగ్గేసరికి అమ్మకు మదనపల్లె ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకునేందుకు చోటు దొరికింది. ఉండడానికి ఒక గది, నాకు పక్కనే బడి. దాంతో ఉప్పు, చింతపండు వెనక్కు పోయాయి. ఇప్పుడు పోరు నా గురించి.

"తండ్రీ, ఆకాశ పక్షులను పోషించే నీవు ఈ ఇంటికి ఎన్నడు తక్కువ చేసితివి? నిన్ను నమ్మక ఊరు దాటిపోయేవాళ్ళు పోనీ. నా కొడుకు బిడ్డను నా కండ్ల ముందర పెట్టినావు, స్తోత్రం. ఆమెన్."

"ప్రభువా, పక్షులు కూడా గూడు వదిలి పోయి తెచ్చుకుంటేనే తింటాయని నాకు చూపించినావు. పోతా పోతా బిడ్డను కూడా ఎత్తుకుపోయే రెక్కలిచ్చినావు. స్తోత్రం. ఆమెన్."

రోజూ ఇదే. నా పళ్ళెం ఇద్దరి మధ్యలో ఉండేది. సంగటి ముద్దకు రెండు వైపులా చెయ్యి పడినట్టు ఉండేది నాకు. అవ్వ నన్ను పిలిచి బెల్లం పెట్టి, "మదనపల్లెలో అంతా ఫినాయిలు వాసనంటమ్మా, కడుపులో తిప్పుతాదంట" అనేది. అమ్మ తల దువ్వుతూ, "ఆడ బడిలో బల్లలుండాయంట, కింద కూర్చునే పనే లేదంట" అనేది. నేను బెల్లం తింటూ తల దువ్వించుకునేదాన్ని.

పోయే ముందటి సాయంత్రం అవ్వ, అమ్మ తమ తమ వంతులు ముగించి ఊపిరి బిగబట్టారు. నేను ఎవరికి స్తోత్రం చెబితే నేను వాళ్ళ దాన్ని. గోడ అవతల మాలీసు కూడా ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ఏం చెప్పాలో తోచక అన్నాను:

"దేవా, సాయిబు గుర్రానికి స్తోత్రం. నాయన కోసం అది పరిగెత్తింది. ఆమెన్."

ఇద్దరూ సంగటి మూత తీయడం మరిచిపోయారు. గోడ అవతల సాయిబు గొంతు సవరించుకున్నాడు.

తెల్లవారి అమ్మ నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. పెట్రోలు లేని రోజులు, బొగ్గుతో నడిచే బస్సు. వెనక డబ్బాలో బొగ్గు రాజేసి క్లీనరు గాలి చక్రం తిప్పుతుంటే, పొగ బస్సుకంటే ముందు మదనపల్లె చేరేది. మేము ఇల్లు కదిలేటప్పుడు అవ్వ గుమ్మంలోకి రాలేదు. లోపల కూర్చుని పెద్ద గొంతుతో పాట ఎత్తుకుంది. సమాధి దగ్గర పాడే పాట. మేము వీధి మలుపు తిరిగేదాకా అన్ని చరణాలూ పాడింది. అవ్వది కుప్పం పక్క, కోపం ముదిరితే పాటలో కూడా అరవ యాస దొర్లేది. ఆ రోజు బాగా దొర్లింది.

దారిలో మిట్ట మీద బస్సు ఆగిపోయింది. అందరూ దిగి తోశారు. ఒక ముసలాయన తోస్తూనే ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

"సూడు పాపా, ఆయప్ప దేవుణ్ణి పిలస్తానే తోస్తాండాడు" అంది అమ్మ. "మీ అవ్వయితే ముందు పిలిచి, అది కదిలేదాకా గట్టున కూర్చోనుండును." అంతకంటే దగ్గరగా అమ్మ ఆ మధ్యాహ్నం జోలికి పోవడం నేను వినలేదు.

మదనపల్లెలో నిజంగానే ఫినాయిలు వాసన. బడిలో నిజంగానే బల్లలు. అవ్వా అమ్మా ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట, దాంతో నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. సాయంత్రం పళ్ళెం ముందు కూర్చుని కళ్ళు మూసుకుంటే అమ్మ, "ఆకలైతే తినుమే, యాల కూర్చున్నావు" అనేది. తినేదాన్ని. కూర బాగానే ఉండేది. కొట్లాట లేక చప్పగా అనిపించేది.

వేసవి మొదట్లో జట్కా సాయిబు ఎవరినో ఆసుపత్రికి తెచ్చి, మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. నీళ్ళు తాగి, అమ్మ వైపు అనుమానంగా చూశాడు.

"అమ్మీ, నువ్వు రోజూ సాయంత్రం పుంగనూరు వస్తాండావా?"

"నేనా? డ్యూటీ ఎవురు సేస్తారు సాయిబూ?"

"మరి గోడకాడ రోజూ నీ గొంతు వినపడతాండాదే. పెద్దమ్మీ ఒకటి అంటాది, నువ్వు ఒకటి అంటావు. అల్లా కసం, నీ మాటే. ఎన్ని పొద్దులు పోయినా నువ్వే గెలస్తాండావు."

అమ్మ ముఖం మాడిపోయింది. ముసలామెకు మతి చలించిందనుకుంది. లేదా ఇంకెవరినో ఇంట్లో తెచ్చి పెట్టుకుందనుకుంది. రెండింటిలో ఏది ఎక్కువ కష్టంగా తోచిందో నేను చెప్పలేను. ఆ జట్కాలోనే బయలుదేరాం.

పొద్దువాలుతుండగా చేరాం. తలుపు ఓరగా ఉంది. అమ్మ నా భుజం పట్టుకుని ఆపింది. లోపల ఆముదం దీపం. మూడు చోట్ల మూడు పళ్ళేలు. అవ్వ తన పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ఉంది.

"కృపగల తండ్రీ, ఒంటరిదానికి నీవే తోడైయున్నావు. ఉప్పు సరిపోయిందా లేదా అని అడిగే దిక్కు లేని ఇల్లు ఎంత నెమ్మదిగా ఉండాదో సామీ, స్తోత్రం. ఆమెన్."

తర్వాత నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి, అమ్మ పళ్ళెం ముందుకు పోయి కూర్చుంది. కొంచెం ఆగింది, అచ్చం అమ్మ ఆగినంత సేపు. గొంతు చిన్నది చేసింది. నా భుజం మీద అమ్మ వేళ్ళు బిగిశాయి.

"ప్రభువా, ఆ మధ్యాన్నం బండి గుమ్మంలో ఉండె. మా అత్త ఎక్కనీలేదు. నిన్ను నమ్మి కాదు, వీధిలో నలుగురు సూస్తారని. అది తెలిసి కూడా ఆమెకు నా సేత్తో ఇన్నాళ్ళు కూడు పెట్టించినావు. దానికి స్తోత్రం. ఆమెన్."

ఆ తర్వాత నా పళ్ళెం ముందుకు జరిగింది. "సాయిబు గుర్రానికి స్తోత్రం" అని చెప్పి, అక్కడే కూర్చుని సంగటి మూత తీసింది.

అమ్మ తలుపు తోసింది. "ఆ మాట నేనెన్నడూ అనలేదు అత్తా."

అవ్వ ఉలిక్కిపడలేదు. చేతిలో మూత కూడా కింద పెట్టలేదు. "అనలేదు. అనుంటే ఈపాటికి జవాబు సెప్పుకొని ఉందును. అనకుండా పోతివి. ఇంగ నీ వంతు కూడా నేనే సెప్పాల్సి వచ్చె."

"అయితే జవాబు సెప్పు."

"మనిషికి పూటకు ఒకటే. నాది అయిపోయింది. రేపు సెప్తా."

"రేపు నాకు డ్యూటీ."

"అట్లయితే పో. నువ్వు లేనప్పుడు దేవునికి సెప్పుకుంటా. ఆయనెట్లాగూ ఎదురు సెప్పడు."

అమ్మ చీర చెంగు దోపుకుని తన పళ్ళెం ముందు కూర్చుంది. ఒక ముద్ద తిని, "ఉప్పు ఎక్కువైంది" అంది. తెల్లవారి బొగ్గు బస్సు హారను కొట్టుకుంటూ వీధి చివర నుంచి పోయింది. అమ్మ పోలేదు.

ఆ సాయంత్రం అవ్వ బైబిలు తెలుగుతో మొదలుపెట్టలేదు.

"సామీ, ఆ పొద్దు నిన్ను పిలస్తా కూర్చుంటి. నువ్వు పంపించిన బండి గుమ్మంలో నిలబడుంటే, నువ్వింగా రాలేదని పిలస్తానే ఉంటి. అట్లాంటిదాన్ని ఇంగా బతకనిచ్చి కూడు పెడతాండావు. యాలనో నాకు తెలీదు. అయినా స్తోత్రం."

అని ఆగిపోయింది. ఆమెన్ అనలేకపోయింది. గోడ అవతల గుర్రం ఉలవలు నములుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. అమ్మ వంతు. అమ్మ ఎప్పటికంటే ఎక్కువ సేపు ఆగింది. నేను కళ్ళు తెరిచి చూశాను. అమ్మ దవడలు బిగిసి ఉన్నాయి. క్షమించే మనిషి ముఖంలా లేదు, బరువెత్తే మనిషి ముఖంలా ఉంది.

"ఆమెన్" అంది అమ్మ.

అంతే. ఆ పూటకు అమ్మ స్తోత్రం అదే.

ఆ తర్వాత ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారని రాస్తే బాగుంటుంది. ఏడవలేదు. అవ్వ పుంగనూరు వదల్లేదు, అమ్మ మదనపల్లె వదల్లేదు. మేము పోయినప్పుడల్లా ఉప్పు మీద పోరు మామూలే. అవ్వ చివరి సారి మంచం పట్టినప్పుడు మాత్రం వీధంతా చూస్తుండగా, ప్రార్థనకు వచ్చిన వాళ్ళను పక్కకు జరగమని, "ముందు బండి కట్టప్పా సాయిబూ, ప్రార్థన దోవలో సేసుకుంటాం" అంది. ఆ గుర్రం అప్పటికి ముసలిదైపోయింది, నడిచే పోయింది. తోవంతా అవ్వ దాన్ని తిడుతూ, దేవుణ్ణి స్తుతిస్తూ పోయింది. ఒక్కోసారి ఎవరిని ఏమంటున్నదో తెలిసేది కాదు.

మనవరాలి ఫ్లాటులో నా వంతు వచ్చింది. పాస్టరుగారు గిటారు ఒళ్ళో పెట్టుకుని, "అమ్మమ్మగారూ, మీరు?" అన్నాడు.

"జట్కా గుర్రానికి స్తోత్రం" అన్నాను.

"ఆమెన్!" అన్నాడు వెంటనే, చిరునవ్వుతో. అందరూ అన్నారు.

పిల్లవాడు. అది అంత తొందరగా అనే మాట కాదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.